పాత అంబాసిడర్‌లో బ్రేక్ మెత్తగా దిగుతోందా? ఎయిర్ తీస్తే చాలదు.. ముందు ఇవి చూడండి!

కోడుమూరు: ఏళ్లుగా షెడ్డులో నిలిపి ఉంచిన అంబాసిడర్‌ను పెళ్లికో, శ్రీశైలం ప్రయాణానికో బయటికి తీస్తారు. బ్యాటరీ మారుస్తారు, టైర్లలో గాలి కొట్టిస్తారు. ఇంజన్ పలికితే చాలు, బండి రెడీ అనుకుంటారు. బ్రేక్ కాస్త మెత్తగా ఉందంటే "ఎయిర్ పట్టింది, తీసేస్తే సరి" అన్నదే మాట. కానీ అసలు ప్రమాదం అక్కడే ఉంది.

హిందుస్థాన్ మోటార్స్ ఈ కారు తయారీని 2014లో ఆపేసింది. అంటే చివరి బండికి కూడా పదేళ్లు దాటాయి. పైగా చాలా పాత మోడళ్లలో నాలుగు చక్రాలకూ కలిపి ఒకటే బ్రేక్ సర్క్యూట్. ఇప్పటి కార్లలో ఒక లైన్ లీకైనా రెండోది పనిచేస్తుంది. పాత బండిలో ఒక్క వీల్ సిలిండర్ రబ్బరు పోయినా పెడల్ నేలకు తగులుతుంది. అప్పుడు మిగిలేది హ్యాండ్ బ్రేక్ ఒక్కటే.

పెడల్‌ను బట్టే తెలుస్తుంది

స్పానర్ పట్టుకునే ముందు బండి నిలిపి పెడల్ తొక్కి చూడాలి. స్ప్రింగ్ మీద కాలు పెట్టినట్టు మెత్తగా ఉంటే లైన్‌లో గాలి ఉన్నట్టే. ద్రవం నొక్కుకుపోదు, గాలి నొక్కుకుపోతుంది, అందుకే ఆ మెత్తదనం. ఒకసారి తొక్కితే కిందికి పోయి, రెండు మూడు సార్లు కొడితే పైకొచ్చి గట్టిపడుతోందా? చాలాసార్లు అది గాలి కాదు, షూ అడ్జస్ట్‌మెంట్ వదులైంది. ఇక గట్టిగా తొక్కి పట్టుకుంటే మెల్లగా దిగిపోతుంటే ఎక్కడో లీకు, లేదంటే మాస్టర్ సిలిండర్‌లో రబ్బరు కప్పు అరిగింది. ఈ మూడోది ఎన్నిసార్లు ఎయిర్ తీసినా పోదు.

ఘాట్‌లో ఎందుకు ఫెయిలవుతుంది?

బ్రేక్ ఆయిల్ అంటాం గానీ అది నూనె కాదు, గాలిలోని తేమను పీల్చుకునే ద్రవం. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. 3.7 శాతం నీరు చేరితే అదే 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 4కి ఈ లెక్క 230, 155. కోడుమూరు నుంచి కర్నూలు దాకా దాదాపు చదునైన రోడ్డే కాబట్టి తేడా తెలియదు. శ్రీశైలం నుంచి దోర్నాల వైపు ఘాట్ దిగేటప్పుడు, బ్రేక్ మీదే కాలు పెట్టి వస్తే డ్రమ్ములు కాలిపోయి, ఆయిల్‌లోని నీరు ఆవిరవుతుంది. పెడల్ ఒక్కసారిగా ఖాళీ. అరగంట ఆగితే మళ్లీ మామూలుగా పనిచేస్తుంది. "ఏమీ లేదులే" అనుకుని బయల్దేరేది అందుకే!

డీజిల్‌తో కడగొద్దు

డ్రమ్ము విప్పాక వీల్ సిలిండర్ దుమ్ము టోపీ కొంచెం లేపి చూడాలి. తడి కనిపిస్తే రెండు వైపులా కలిపే మార్చాలి, లేదంటే బ్రేక్ వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది. సిలిండర్ లోపల గుంతలు పడితే కిట్ వేసి లాభం లేదు, సిలిండరే మార్చాలి. షూ లైనింగ్‌కు ఆయిల్ తగిలితే కడిగినా పోదు, కొత్తవి వేయాల్సిందే. రబ్బరు హోస్‌లు పైకి బాగానే కనిపించి లోపల ఉబ్బిపోతాయి. అప్పుడు ఆ చక్రం బ్రేక్ వదలదు, డ్రమ్ము వేడెక్కుతుంది.

మన దగ్గర ఎక్కువగా జరిగే తప్పు ఒకటుంది. విడిభాగాలను డీజిల్‌తోనో పెట్రోల్‌తోనో కడగడం. ఆ చుక్క తగిలినా బ్రేక్ రబ్బర్లు ఉబ్బిపోతాయి. కొత్త కిట్ కొద్దిరోజులకే పాడవుతుంది. స్పిరిట్‌తోనో కొత్త బ్రేక్ ఆయిల్‌తోనో కడగాలి. కప్పులకు గ్రీజు కాదు, బ్రేక్ ఆయిలే రాసి ఎక్కించాలి. ఏళ్ల తరబడి షాపులో పడి ఉన్న కిట్ అయితే రబ్బరును వంచి పగుళ్లు చూసుకోవాలి. డ్రమ్ములోని దుమ్మును నోటితో, ఎయిర్‌తో ఊదొద్దు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, తడి గుడ్డతో తుడవాలి.

ఎయిర్ తీసేది ఇలా

ముందు షూలు అడ్జస్ట్ చేయాలి. ఇద్దరు కావాలి. మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి. మన బండ్లలో సాధారణంగా వెనుక ఎడమ, వెనుక కుడి, ముందు ఎడమ, చివరికి ముందు కుడి. నిపుల్‌కు ట్యూబ్ తగిలించి, రెండో కొసను ఆయిల్ ఉన్న సీసాలో ముంచాలి. ఒకరు తొక్కి పట్టుకుంటే ఇంకొకరు నిపుల్ వదులు చేయాలి. బిగించాకే కాలు తీయాలి. బుడగలు ఆగేదాకా ఇదే. ట్యాంకులో ఆయిల్ అడుగంటితే కథ మళ్లీ మొదటికే.

మాస్టర్ సిలిండర్ పాతదే ఉంచితే పెడల్‌ను నేలదాకా తొక్కొద్దు. రోజూ వాడని అడుగుభాగంలో తుప్పు ఉంటుంది, కప్పు అక్కడ చిరిగిపోతుంది. చిన్న చెక్కముక్క కింద పెడితే సరి.

పని అయ్యాక నిమిషం పాటు గట్టిగా తొక్కి పట్టుకుని, నాలుగు చక్రాల దగ్గరా తడి ఉందేమో చూడాలి. హ్యాండ్ బ్రేక్ పట్టుతోందని తేల్చుకున్నాక, ఖాళీ స్థలంలో నెమ్మదిగా నడిపి చూడాలి. బయటికొచ్చిన ఆయిల్‌ను తిరిగి పోయకూడదు. పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడిగేయాలి. మూత తీసిన డబ్బాలో మిగిలినదాన్ని వచ్చే ఏడాదికని దాచొద్దు, అప్పటికి అది తేమ పట్టేసి ఉంటుంది.