సంతలో చిన్న కెమేరా

సంతలో గాజులమ్మే అవ్వను మీరు చూసే ఉంటారు. పాప చెయ్యి పట్టుకుని, వేళ్ళు దగ్గరికి నొక్కి, విరగకుండా మెల్లగా గాజు ఎక్కిస్తుంది. పాప పళ్ళు బిగపట్టి చూస్తూంటుంది. సరిగా అప్పుడే ఎవరైనా ఒక పెద్ద కెమేరా ఎత్తారనుకోండి. అవ్వ కొంగు సర్దుకుంటుంది. పాప నిటారుగా నిలబడి నవ్వుతుంది. ఫోటో వస్తుంది కాని, మీరు చూసిన దృశ్యం అందులో ఉండదు.

అందుకే వీధుల్లో ఫోటోలు తీసేవారు చిన్న కెమేరా కావాలంటారు. వారికి ఇంకో కోరిక కూడా ఉంటుంది: అవ్వ చేతులూ, గాజూ స్పష్టంగా కనిపించాలి, వెనక ఉన్న బండ్లూ, జనమూ మసకగా కరిగిపోవాలి. ఈ రెండు కోరికలకూ ఒకదానితో ఒకదానికి పడదు. ఎందుకు పడదో తెలిస్తే, ఎలాంటి కెమేరా ఎంచుకోవాలో మీకే తెలుస్తుంది.

ముందు చిన్న కెమేరా ఎలా పుట్టిందో చూద్దాం. జర్మనీలో వెట్స్‌లార్ అనే ఊళ్ళో, సూక్ష్మదర్శినులు తయారుచేసే లైట్స్ కంపెనీలో ఓస్కార్ బార్నాక్ అనే ఆయన పనిచేసేవాడు. ఆయనకు ఉబ్బసం. బరువైన కెమేరా, గాజు పలకలు, మూడుకాళ్ళ స్టాండు మోసుకుని తిరగడం ఆయన వల్ల అయ్యేది కాదు. సినిమాలకు వాడే 35 మిల్లీమీటర్ల ఫిలిం ఆయన దృష్టిలో పడింది. సినిమా బొమ్మలు రెండింటి చోటు కలిపి 24×36 మిల్లీమీటర్ల బొమ్మ పట్టేట్టుగా, 1913-14 ప్రాంతంలో చేతిలో ఇమిడే కెమేరా తయారుచేశాడు. అదే 1925లో "లైకా" అనే పేరుతో లైప్‌జిగ్ ప్రదర్శనలో అందరి ముందుకూ వచ్చింది.

ఫ్రాన్సు దేశపు ఫోటోగ్రాఫరు హెన్రీ కార్టియర్ బ్రెస్సాన్ ఇలాంటి కెమేరాతోనే పేరు తెచ్చుకున్నాడు. దాని మెరిసే భాగాలు జనం కంట పడకుండా నల్లటి టేపు అంటించేవాడు. 1948 జనవరి 30న ఆయన ఢిల్లీలో గాంధీగారిని కలుసుకున్నాడు. ఆ సాయంకాలమే గాంధీగారు హత్యకు గురయ్యారు. తర్వాత దేశమంతా దుఃఖించిన ఆ రోజులను ఆయన కెమేరా బొమ్మకట్టింది.

ఇక మసక సంగతి. ఒక అట్టముక్కకు గుండుసూదితో చిన్న రంధ్రం చెయ్యండి. ఈ పేజీని అక్షరాలు మసకబారేదాకా కంటికి దగ్గరగా తెచ్చుకోండి. ఇప్పుడు వెలుతురులో ఆ రంధ్రం గుండా చూడండి. అక్షరాలు స్పష్టంగా కనిపిస్తాయి! వెలుగు వచ్చే దారి ఇరుకైతే దగ్గరివీ, దూరపువీ కూడా స్పష్టంగా ఉంటాయి. దారి వెడల్పైతే, మనం గురిపెట్టినది మాత్రమే స్పష్టంగా ఉండి, మిగతావి మసకబారుతాయి.

కెమేరా లెన్సు మీద "ఎఫ్/2" వంటి అంకె ఉంటుంది. లెన్సు నాభ్యంతరాన్ని ఆ అంకెతో భాగిస్తే దారి వెడల్పు వస్తుంది. 50 మి.మీ. లెన్సుకు ఎఫ్/2 అంటే 25 మి.మీ.; అంటే సుమారు ఐదు రూపాయల బిళ్ళంత. మీ ఇంట్లో ఉన్న ఫోను లెన్సు నాభ్యంతరం చాలా చిన్నది. అందుచేత దారి వెడల్పు నాలుగైదు మి.మీ.కు మించడం అరుదు. ఫోన్లు చూపించే "పోర్ట్రెయిట్" మసక చాలావరకు లెక్కలతో గీసిన మసక. అందుకే ఒక్కొక్కసారి జుట్టు అంచులూ, కళ్ళజోడు అంచులూ తెగిపోయినట్టుంటాయి.

24×36 మి.మీ. బొమ్మ పట్టే కెమేరాకు 50 మి.మీ. లెన్సు పెట్టి, ఎఫ్/2 దగ్గర రెండు మీటర్ల దూరంలోని మనిషికి గురిపెడితే, స్పష్టంగా ఉండే లోతు దాదాపు జానెడు. అవ్వ కొంచెం ముందుకు వంగితే చాలు, గురి తప్పుతుంది. జేబులో పట్టే కెమేరా సంగతి వేరు. దాని సెన్సారు ఇంచుమించు 24×16 మి.మీ., లెన్సు 18 మి.మీ., అంకె ఎఫ్/2.8 అనుకోండి. రెండు మీటర్లకు గురిపెడితే ఒకటిన్నర మీటరు నుంచి మూడు మీటర్ల దాకా అన్నీ స్పష్టమే. సంత అంతా కనిపిస్తుంది, మసక మాత్రం ఉండదు.

అదే కెమేరాను అర మీటరు దగ్గరికి తీసుకుపోతే? స్పష్టంగా ఉండే లోతు ఎనిమిది సెంటీమీటర్లే! అంటే చిన్న కెమేరాకు మసక కావాలంటే, మీరు దగ్గరికి నడవాలి.

పిల్లలూ, అసలు చిక్కు ఇక్కడే ఉంది. అర మీటరు దూరంలో దాక్కోవడం ఎవరి వల్లా కాదు. అవ్వ మిమ్మల్ని చూడనే చూస్తుంది. కాబట్టి ముందు ఆమెతో మాట్లాడండి. "అవ్వా, నీ చేతులు ఫోటో తియ్యనా?" అని అడగండి. వద్దంటే కెమేరా దించండి. సరేనంటే కాసేపు అక్కడే కూర్చోండి. నాలుగు గాజులు తొడిగేసరికి ఆమె మిమ్మల్ని మరచిపోయి తన పనిలో పడుతుంది. అప్పుడు తియ్యండి. కెమేరా చిన్నది కావడం ఎదుటివారిని బెదరగొట్టకుండా ఉండటానికే గాని, వారి ముఖం దొంగిలించడానికి కాదు. ఏడుస్తున్నవారినీ, ఆదమరచి నిద్రపోతున్నవారినీ అడగకుండా తియ్యకపోవడమే మర్యాద.

కొనబోయేముందు అమ్మానాన్నలతో కలిసి మూడు సంగతులు చూడండి: జేబులో పడుతుందా? మీట నొక్కితే చప్పుడు ఎంత? సెన్సారు ఎంత పెద్దది, ఎఫ్ అంకె ఎంత చిన్నది? జూమ్ ఎంత దూరం లాగుతుందన్నది తర్వాతి మాట. సంత అంతా పట్టాలంటే జేబు కెమేరా చాలు. దూరం నుంచే మసక కావాలంటే పెద్ద లెన్సూ, దాని బరువూ, దాని ఖరీదూ భరించాలి.

అంతవరకూ ఇంట్లో ఫోనుతోనే మొదలుపెట్టండి. పోర్ట్రెయిట్, జూమ్ రెండూ ఆపేసి, తాతగారి కళ్ళజోడును బల్ల మీద పెట్టి, ఒక మీటరు నుంచి ఒకసారి, జానెడు దూరం నుంచి ఒకసారి తియ్యండి. రెండింటి వెనకా గోడ ఎలా మారిందో చూడండి. అన్నట్టు, కళ్ళజోడు తీసేముందు తాతగారిని అడగడం మరచిపోకండి!