సౌండ్ పెంచితే మాట వినపడదు

టీవీలో సౌండ్ పాడైందని ఫోన్ వస్తుంది. వెళ్లి చూస్తే చాలాసార్లు టీవీ నిక్షేపంగా ఉంటుంది. తెనాలిలో టీవీలు బాగుచేయడం నా వృత్తి. డబ్బా టీవీల కాలం నుంచీ ఇదే పని. ఈమధ్య మాత్రం స్క్రూడ్రైవర్ కంటే రిమోట్‌తోనే నాకు ఎక్కువ పని పడుతోంది.

ఇంట్లో పిల్లలు చెప్పేది ఒకటే. "ఎంత పెట్టినా ఇంకా పెంచమంటారండీ." మామ్మగారు చెప్పేది వేరు. "సౌండ్ బ్రహ్మాండంగా వస్తోంది అబ్బాయ్. వాళ్లేమంటున్నారో తెలియట్లేదు." నన్నడిగితే ఆవిడ మాటే నిజం. వయసు పైబడేకొద్దీ చెవికి ముందుగా అందకుండా పోయేవి సన్నటి, హెచ్చుస్థాయి శబ్దాలు. అచ్చుల బలమంతా కిందిస్థాయిలో ఉంటుంది. స, త, క లాంటి హల్లులను గుర్తుపట్టించే శబ్దం ఎక్కువగా 2000 హెర్ట్‌జ్‌కు పైన ఉంటుంది. పాలు, తాలు, కాలు, చాలు అని ఒకసారి పైకి అనుకోండి. మొదటి హల్లు జారిపోతే నాలుగూ ఒకటే. వాల్యూమ్ పెంచితే ఆ మిగిలిన 'ఆలు' పెరుగుతుంది, వెనక వాయించే డప్పులూ పెరుగుతాయి, మాట మాత్రం తేలదు. 60 ఏళ్లు దాటినవాళ్లలో 65 శాతానికి పైగా ఎంతోకొంత వినికిడి లోపం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాబట్టి దీన్ని పెద్దవాళ్ల మొండితనం అనుకోకండి.

టీవీలూ మారాయి. డబ్బా టీవీల్లో చాలావాటికి స్పీకర్లు మనవైపే తిరిగి ఉండేవి. ఇప్పటి పలచటి టీవీల్లో చాలావాటికి అవి అడుగునో వెనకో ఉంటాయి. గోడకు బిగించాక శబ్దం గోడకూ గచ్చుకూ తగిలి మన దగ్గరికొస్తుంది. నున్నటి టైల్స్, బోసి గోడలు ఉన్న హాల్లో మాట మరీ చెదిరిపోతుంది. మందపాటి కర్టెన్, నేలమీద ఓ జంపఖానా ఉన్నా తేడా తెలుస్తుంది.

నేను ముందు ఆ పెద్దవాళ్ల కుర్చీలోనే కూర్చుని వింటాను. తర్వాత సౌండ్ మెనూలోకి వెళ్లి సరౌండ్ తీసేస్తాను. క్లియర్ వాయిస్ అనో, స్పీచ్ అనో, న్యూస్ అనో ఒక మోడ్ ఉంటుంది, కంపెనీని బట్టి పేరు మారుతుంది. దాన్ని పెడతాను. ఈక్వలైజర్ ఉంటే 100 హెర్ట్‌జ్ గీతను బాగా దించి, 3 కిలోహెర్ట్‌జ్ గీతను కొంచెం ఎత్తుతాను. ఓటీటీ సినిమాల్లో 5.1 ఆడియో ఉంటే మాటలు ఎక్కువగా మధ్య స్పీకర్ కోసం కూర్చి ఉంటాయి. మన టీవీకి ఆ స్పీకరే లేదు. అన్నిటినీ రెండు స్పీకర్లలోకి కుదించేసరికి మాట తరచూ సంగీతం కింద పడిపోతుంది. అందుకే 5.1 అని లేని మామూలు తెలుగు ఆడియోను ఎంచుకోండి. సెట్‌టాప్ బాక్సులోనూ స్టీరియో పెట్టండి. వీటిలో దేనికీ పైసా ఖర్చు లేదు.

అంతకన్నా బాగా పనిచేసేది దగ్గరితనం. ఆరుబయట దూరం సగానికి తగ్గితే శబ్దం 6 డెసిబెల్స్ పెరుగుతుంది. గదిలో అంత రాకపోయినా లాభం గట్టిదే, ఎందుకంటే గోడల ప్రతిధ్వని కంటే అసలు మాటే చెవికి గట్టిగా చేరుతుంది. టీవీ నుంచి వైరు లాగి, కుర్చీ పక్కన స్టూలు మీద చిన్న స్పీకర్ పెట్టించిన ఇళ్లలో వాల్యూమ్ గొడవ దాదాపు పోయింది. నేను వైరు స్పీకరే పెట్టమంటాను. బ్లూటూత్‌లో మాట కొన్నిసార్లు ఆలస్యంగా వస్తుంది, పెదవులతో కలవదు. చెవి తగ్గినవాళ్లు తమకు తెలియకుండానే పెదవులు చూసి సగం పోల్చుకుంటారు. హిందీ నుంచి డబ్బింగ్ చేసిన సీరియల్ వాళ్లకు అందుకే కష్టం. పెదవి ఒకటి అంటుంది, చెవిలో ఇంకొకటి పడుతుంది. అదే మామ్మగారు తెలుగులో తీసిన సీరియల్‌ని హాయిగా చూస్తారు.

ఇవన్నీ చేశాక కూడా ఫోన్లోనూ, ఎదుటి మనిషి దగ్గరా మాట అందకపోతే అది నా పని కాదు, ఈఎన్‌టీ డాక్టర్ పని. ఒక్కోసారి గులిమి తీస్తే సరిపోతుంది, ఒక్కోసారి చెవి మిషన్ కావాలి. ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోతే మాత్రం ఆ రోజే వెళ్లండి. పేద వృద్ధులకు చెవి మిషన్లు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ పథకం 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలైంది. చాలా ఇళ్లలో ఆ పేరే తెలియదు.

సీరియళ్లు తీసేవాళ్లకు, చానళ్లవాళ్లకు నాదొక విన్నపం. అత్తాకోడళ్లు మాట్లాడుకునేటప్పుడు వెనక ఆ వాయింపు కాస్త తగ్గించండి. తెర అడుగున తెలుగు అక్షరాలు వేయండి. రోజూ సాయంత్రం మిమ్మల్ని నమ్ముకుని కూర్చునేది ఈ పెద్దవాళ్లే.