ఎండతో నడిచే చేతి గడియారం

హాస్టల్లో మన రోజంతా గడియారం మీదే నడుస్తుంది. తెల్లవారుజామున నాలుగున్నరకు లేవాలి, అయిదింటికి స్టడీ అవర్, రాత్రి తొమ్మిదిన్నరకు హాజరు. అందుకే, ఇదే హాస్టల్లో చదువుకుని ఉద్యోగం సంపాదించిన ఒక అన్న మా గదికి సౌర వాచీని బహుమతిగా ఇచ్చినప్పుడు మా ఆనందానికి అవధుల్లేవు. "దీనికి ఏటేటా సెల్లు మార్చే పని లేదురా తమ్ముళ్లూ. మీ తర్వాత వచ్చేవాళ్లకు జాగ్రత్తగా అప్పజెప్పండి" అని చెప్పి వెళ్లారు. మేము దాన్ని గది గోడకు మేకు కొట్టి తగిలించాం. దసరా సెలవులకు వెళ్తూ ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేశాం.

తిరిగి వచ్చి తీసి చూస్తే వాచీలో ఒక్క అంకె లేదు! సెలవులకు ముందురోజు దాన్ని చేతికి పెట్టుకుని చూసుకున్నది ఆరో తరగతి తమ్ముడు. "బటన్లన్నీ నొక్కి పాడు చేశావు" అని అందరం అతని మీద పడ్డాం. ఆ రాత్రి అతను అన్నం తినకుండానే పడుకున్నాడు. మరునాడు సైన్సు మాస్టారు వాచీని చూసి నవ్వారు. "ఇది పాడవలేదు. దీనికి ఆకలేస్తోంది, కిటికీలో పెట్టండి" అన్నారు.

అప్పుడు ఆయన చెప్పింది ఇదీ. సిలికాన్‌తో చేసిన పలక మీద వెలుతురు పడితే విద్యుత్తు పుడుతుంది. అలాంటి ఘటాన్ని అమెరికాలోని బెల్ ప్రయోగశాల వారు 1954లో ప్రదర్శించారు. 1976లో జపానుకు చెందిన సిటిజన్ కంపెనీ ముళ్లు ఉండే సౌర వాచీని తెచ్చింది. మనం చూసే సౌర కాలిక్యులేటర్లలో చాలావాటిని చేత్తో మూసేస్తే అంకెలు మాయమవుతాయి. వాచీ అలా ఆగదు. పుట్టిన విద్యుత్తును లోపలున్న చిన్న సెల్లు దాచుకుని చీకట్లోనూ వాడుకుంటుంది. అందుకే నిండుగా ఛార్జి అయిన వాచీ కొన్ని నెలలపాటు వెలుతురు లేకున్నా నడుస్తుంది.

మరి మా వాచీ ఎందుకు ఆగింది? దానికి మా గది బల్బే తిండి. చాలా అంకెల సౌర వాచీలకు ఒక రోజు ఖర్చు పూడాలంటే ఆరుబయట ఎండలో 5 నిమిషాలు, కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండలో 24 నిమిషాలు చాలు. ట్యూబులైటు వెలుతురులోనైతే 8 గంటలు కావాలి! నెలల తరబడి అర్ధాకలితో ఉన్న వాచీ పెట్టెలోకి వెళ్లి పూర్తిగా పడిపోయింది. అన్నిసార్లూ ఇలాగే కానక్కర్లేదు. చాలా సౌర వాచీలు చీకట్లో ఉంటే పొదుపు కోసం అంకెలు ఆర్పి నిద్రపోతాయి. వెలుతురు తగిలినా, బటను నొక్కినా లేస్తాయి. కాబట్టి ఖాళీగా కనబడగానే వెనక మూత తీయించకండి. ముందు వెలుతురులో పెట్టండి.

ఛార్జి అయ్యాక వాచీ వచ్చింది గానీ టైము, తేదీ పోయాయి. ఆ సాయంత్రం ఏడింటికి మేమే 7:00 పెట్టి, నాలుగున్నరకు అలారం పెట్టుకుని పడుకున్నాం. తెల్లవారుజామున అది మోగలేదు. అందరం ఆలస్యంగా లేచి వార్డెన్ గారి చేత చీవాట్లు తిన్నాం. ఆ సాయంత్రం నాలుగున్నరకు మాత్రం బ్రహ్మాండంగా మోగింది! సాయంత్రానికి గుర్తయిన 'పి' అక్షరం లేకుండా టైము పెట్టడమే మా తప్పు. అదే తప్పు వల్ల తేదీ కూడా మధ్యాహ్నం పన్నెండింటికి మారింది.

ఆ తర్వాత నేర్చుకున్న పద్ధతి రాస్తున్నాం. నాలుగు బటన్ల వాచీల్లో చాలావాటికి ఇది సరిపోతుంది.

1. ఎడమ పైబటను నొక్కి పట్టుకుంటే ఒక అంకె గానీ ఊరి పేరు గానీ మినుకుమంటుంది.

2. ఊరి పేరు ఉంటే ముందుగా ఢిల్లీ పెట్టాలి. టోక్యోలో ఉంచి టైము సరిచేసి, తర్వాత ఢిల్లీకి మారిస్తే మూడున్నర గంటలు వెనక్కి పోతుంది.

3. ఎడమ కిందిబటనుతో ఒకదాని నుంచి మరోదానికి వెళ్లాలి. కుడి కిందిబటనుతో అంకె మార్చాలి. రైల్వే టైములా 24 గంటల పద్ధతి పెట్టుకుంటే రాత్రి ఏడు 19 అవుతుంది. మాలా పొరబడే పని ఉండదు.

4. సంవత్సరం, నెల, తేదీ సరిగా పెడితే వారం దానంతటదే వస్తుంది.

5. వార్డెన్ గారి సెల్‌ఫోనులో కొత్త నిమిషం మొదలవగానే సెకన్లను సున్నా చేయాలి. వాచీలో సెకన్లు 30 దాటి ఉంటే నిమిషం ఒకటి పెరుగుతుంది, చూసుకోవాలి.

6. ఎడమ పైబటను మళ్లీ నొక్కి బయటికి రావాలి.

వాచీలోని క్వార్ట్జ్ పలుకు సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. అయినా నెలకు సుమారు 15 సెకన్ల వరకు తేడా రావచ్చు. కాబట్టి నెలకోసారి సరిచూసుకోవాలి.

ఎండ మంచిదే గానీ మరీ వేడి మంచిది కాదు. కాలే రేకు మీద, డాబా మీద వాచీని పెట్టకండి. పొడుగు చేతుల చొక్కా కింద కప్పేయకండి. ముళ్ల సౌర వాచీల్లో కొన్నింటికి ఛార్జి తగ్గితే సెకన్ల ముల్లు రెండేసి సెకన్లు దూకుతుంది. అది వెలుతురు అడుగుతున్నట్టు గుర్తు. ఎన్నో ఏళ్లకు లోపలి సెల్లు బలహీనపడితే దానికి తగిన ఛార్జింగ్ సెల్లే వేయించాలి, మామూలు సెల్లు వేయకూడదు.

ఆ తమ్ముడికి మేమందరం తప్పు ఒప్పుకుని క్షమాపణ చెప్పాం. వాచీని రోజూ కిటికీలో పెట్టే బాధ్యత అతనికే అప్పగించాం. ఆ తర్వాత మా పరీక్షలు ముగిసేదాకా ఒక్కరోజు కూడా అలారం తప్పలేదు. మేము హాస్టల్ వదిలి వెళ్లేటప్పుడు వాచీని అతని చేతికే ఇచ్చి వెళ్లాం. కొత్తగా వచ్చే తమ్ముళ్లారా, వస్తువు ఆగిపోతే ముందు దాని సంగతి తెలుసుకోండి. పక్కవాడిని అనడం ఆ తర్వాత ఆలోచించవచ్చు.