తల్లి పాలను తప్పుగా తూచిన పట్టిక

బెంగాల్-నాగపూర్ రైల్వే నాడు ఉత్తరాంధ్ర నుండి ఉపాధికై ఖరగ్‌పూర్ తరలివెళ్లిన కుటుంబాలు తరతరాలుగా అక్కడే స్థిరపడినాయి. ఆ రైల్వే కాలనీలో ఒక వృద్ధురాలు నాతో, "నా పాలు చాలలేదన్నారు బాబూ. బరువు కార్డులో గీత దిగిపోయిందని డబ్బాపాలు పట్టమన్నారు" అన్నారు. నలభై ఏళ్లనాటి మాట. ఆ వెలితి ఆమెను నేటికీ వదలలేదు.

ఆ బిడ్డకు నిజంగా పాలు చాలలేదో లేదో నేడెవరూ తేల్చలేరు. అయితే ఆనాటి కొలబద్దలో లోపమున్న మాట వాస్తవం. అమెరికా శిశువుల తూకాలతో 1977లో రూపొందిన పట్టికను అనేక దేశాలు అనుసరించాయి. ఆ శిశువుల్లో అత్యధికులు డబ్బాపాలతో పెరిగినవారు. తల్లి పాలు తాగే బిడ్డ మొదటి రెండు మూడు నెలలు చురుకుగా బరువు పెరిగి, తర్వాత కొంత నెమ్మదిస్తుంది. ఆ పట్టికలో అది క్షీణతగా కనిపించేది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1997-2003 మధ్య ఆరు దేశాలలో తల్లి పాలతో పెరిగిన శిశువులను పరిశీలించి, 2006లో కొత్త ప్రమాణాలను ప్రకటించింది. ఆ ఆరింటిలో మన దేశం ఒకటి. ఎంపికైన నగరం న్యూఢిల్లీ.

వంద మిల్లీలీటర్ల తల్లి పాలలో సుమారు 7 గ్రాముల లాక్టోజు, 4 గ్రాముల కొవ్వు ఉంటాయి. మాంసకృత్తులు ఒక గ్రాము మాత్రమే. ఆవు పాలలో మూడు గ్రాములకు పైమాటే. లేత మూత్రపిండాలకు ఆ స్వల్పమే హితవు. పసుపుపచ్చని ముర్రుపాలు రోగనిరోధక శక్తినిస్తాయి. ఆరు నెలలు నిండాక మాత్రం ఇనుము కోసం అనుబంధాహారం తప్పనిసరి.

పార్లమెంటు 1992లో చేసిన శాసనం డబ్బాపాల ప్రచారాన్ని నిషేధించింది. డబ్బాపై శిశువు బొమ్మ సైతం కూడదన్నది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఆరు నెలల లోపు శిశువులలో కేవలం తల్లి పాలపై పెరుగుతున్నవారు నూటికి 64 మందే.

ప్రసూతి సెలవును 2017లో 26 వారాలకు పెంచారు. నౌకరీ ఉన్న ఇల్లాలికి అది వరమే. ఇళ్లలో పాచిపని చేసే బాలింతకు ఆ సెలవు ఇచ్చేదెవరు? పట్టికను సరిదిద్దిన రాజధాని ఈ ప్రశ్నకు కూడా సమాధానం చెప్పవలసి ఉన్నది.