ఊళ్లో ఫ్యాక్టరీలు వచ్చాయంట, ఎగ్జిట్ కొట్టించుకుందామా?

రియాద్, దమ్మామ్ రూముల్లో కడప, రాయచోటి, రాజంపేట వాళ్లు నలుగురు కలిస్తే ఈ మాట వస్తోంది: "కొప్పర్తిలో ఫ్యాక్టరీలు పెట్టినారంట. ఈ ఎండలో చేసేకంటే ఊరికి పోతే పోలా?" ఆలోచన మంచిదే. కానీ ఎగ్జిట్ అడిగే ముందు రెండు లెక్కలు చూసుకోండి. అక్కడ మీకు దొరికే పని ఏది? ఇక్కడ మీకు రావాల్సిన డబ్బు ఎంత?

అక్కడ ఏముంది?

కడప పక్కన కొప్పర్తిలో ఎలక్ట్రానిక్స్ క్లస్టర్‌ను 2021 డిసెంబర్‌లో ప్రారంభించారు. అక్కడ సీసీ కెమెరాలు తయారవుతున్నాయి. తిరుపతి దగ్గర రేణిగుంట, వికృతమాల వైపు టీవీలు, ఫోన్ల తెరలు, విడిభాగాలు చేసే కంపెనీలు ఉన్నాయి. తడ దగ్గర శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ 2015లో ఫోన్ల తయారీ మొదలుపెట్టింది. తెలంగాణ వాళ్లకు హైదరాబాద్ దగ్గర కొంగరకలాన్‌లో అదే కంపెనీ ఫ్యాక్టరీ ఉంది.

క్లస్టర్ అంటే ఒకే కంపెనీ కాదు. భూమి, రోడ్డు, కరెంటు, నీళ్లు ఒకచోట ఏర్పాటు చేస్తే చాలా కంపెనీలు పక్కపక్కన వస్తాయి. ఉద్యోగం ఇచ్చేది ఏదో ఒక కంపెనీ, లేదా దాని కాంట్రాక్టరు. "క్లస్టర్‌లో ఉద్యోగం ఇప్పిస్తా" అని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. ఏ కంపెనీ, ఏ పని అని ముందు అడగండి.

లైన్ మీద చిన్న చిన్న భాగాలు బిగించే పనికి ఎక్కువగా ఇంటర్, ఐటీఐ చదివిన కుర్ర వయసు వాళ్లను, ముఖ్యంగా ఆడపిల్లలను తీసుకుంటారు. నలభై ఏళ్ల మేస్త్రీకి అక్కడ చోటు దొరకడం కష్టం. ఎలక్ట్రికల్, ఏసీ, వెల్డింగ్, ఫోర్క్‌లిఫ్ట్ పని తెలిస్తే మెయింటెనెన్స్‌లో ప్రయత్నించవచ్చు. అంటే చాలామందికి ఆ ఉద్యోగం మీకోసం కాదు, మీ బిడ్డకోసం.

బిడ్డను చేర్చే ముందు అడగండి

ఒకటి, ఆమె పేరు ఎవరి రోల్ మీద ఉంటుంది, కంపెనీదా కాంట్రాక్టరుదా? కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు కంపెనీయే చెల్లించాలని మన చట్టం చెబుతోంది. అందుకే అపాయింట్‌మెంట్ కాగితం, నెలనెలా పే స్లిప్ దాచిపెట్టమని చెప్పండి.

రెండు, పీఎఫ్ నంబరు, ఈఎస్‌ఐ నంబరు ఇచ్చారా? నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవాళ్లకు ఈఎస్‌ఐ ఇవ్వాల్సిందే. కార్మికుల వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. పీఎఫ్‌కు 12 శాతం కోస్తారు, యజమాని కూడా అంతే వేయాలి. 15,000 జీతం మీద లెక్కవేస్తే పీఎఫ్ 1,800, ఈఎస్‌ఐ 113 పోతాయి. జీతంలో కోసి కట్టకుండా ఉంటే అది నేరం.

మూడు, హాస్టల్, బస్సు, భోజనానికి ఎంత కోస్తారు? రాత్రి షిఫ్ట్ ఉంటే ఇంటిదాకా బండి ఉందా?

ఇక్కడి లెక్క

కంపెనీ వీసా మీద ఉన్నవాళ్లకు సౌదీ కార్మిక చట్టం ప్రకారం సర్వీసు డబ్బు వస్తుంది. మొదటి ఐదేళ్లకు ఏడాదికి సగం నెల జీతం, ఆ తర్వాత ఏడాదికి ఒక నెల జీతం. మీరే రాజీనామా చేస్తే రెండేళ్ల నుంచి ఐదేళ్ల వరకు మూడో వంతు, ఐదు దాటి పదేళ్ల లోపు మూడింట రెండు వంతులు, పదేళ్లు నిండితే మొత్తం.

ఉదాహరణకు జీతం 1,500 రియాళ్లు, సర్వీసు ఏడేళ్లు అనుకోండి. పూర్తి లెక్క 3,750 ప్లస్ 3,000, అంటే 6,750 రియాళ్లు. కాంట్రాక్టు గడువు అయిపోయి వెళ్తే ఇది మొత్తం మీదే. మధ్యలో రాజీనామా చేస్తే 4,500 మాత్రమే. పైగా గడువుకు ముందే తెంచుకుంటే కంపెనీ పరిహారం అడిగే వీలుంది. కాబట్టి మీ కాంట్రాక్టు ఏ తేదీన ముగుస్తుందో కివాలో చూసుకోండి. రెన్యువల్ వద్దని కాంట్రాక్టులో రాసిన గడువు లోపే రాసి ఇవ్వండి.

ఇళ్లలో పనిచేసే అక్కచెల్లెళ్లకు, డ్రైవర్లకు నిబంధనలు వేరు. ఒకే కఫీల్ దగ్గర వరుసగా నాలుగేళ్లు చేస్తే ఒక నెల జీతం సర్వీసు డబ్బుగా రావాలి. మూడేళ్ల పదకొండు నెలలు అయి ఉంటే ఇంకో నెల ఆగి అడగండి.

డబ్బు అందకముందే "అంతా ముట్టింది" అనే కాగితం మీద సంతకం పెట్టకండి. అరబీ చదవడం రాకపోతే తెలిసినవాళ్లతో చదివించుకోండి. ఫిర్యాదు ఉంటే సౌదీ కార్మిక శాఖ నంబరు 19911కు ఫోన్ చేయండి. రియాద్‌లో భారత ఎంబసీ, జెద్దాలో కాన్సులేట్ ఉన్నాయి. విమానం ఎక్కాక ఇక్కడి బాకీ వసూలు చేసుకోవడం చాలా కష్టం. ఆ లెక్క ఇక్కడే తేల్చుకొని వెళ్లండి.