కరివేపాకు రెబ్బలో దాక్కునే పురుగు

అమెరికాలో పెళ్లికో, పిల్లల పట్టభద్ర వేడుకకో నాలుగు కుటుంబాలు కలిసి బయలుదేరితే వంట సరుకులు పెట్టెలకు పంచేస్తారు. పొడులు ఒకరికి, అప్పడాలు ఇంకొకరికి, తడిగుడ్డలో చుట్టిన పెరటి కరివేపాకు చోటున్నవాళ్లకి. ఆ పచ్చి ఆకును మాత్రం అక్కడి అధికారులు రానివ్వరు. గుప్పెడు ఆకుకు ఇంత పట్టుదలా అని చాలామంది నొచ్చుకుంటారు. ఆకులో ఏముండొచ్చో చూస్తే ఆ పట్టుదల న్యాయమైనదే అనిపిస్తుంది.

కరివేప నిమ్మ కుటుంబపు మొక్క. బత్తాయి, కమలా, మారేడు దాని చుట్టాలు. ఈ కుటుంబాన్ని పట్టి బతికే పురుగు సిట్రస్ సిల్లా. పెద్ద పురుగు మూడు నాలుగు మిల్లీమీటర్లుంటుంది. తల ఆకుకు ఆనించి, వెనకభాగం పైకెత్తి ఏటవాలుగా కూర్చుంటుంది, దులిపితే ఎగిరిపోతుంది. అసలు చిక్కు గుడ్లతో. బాదంగింజ ఆకారంలో పసుపు రంగులో ఉండే ఆ గుడ్లను ఆడపురుగు ఇంకా విచ్చుకోని చిగురు మడతల్లో పెడుతుంది. ఒక్కో గుడ్డు మిల్లీమీటరులో మూడో వంతుకు మించదు. ఆకును ఎంత కడిగినా ఆ మడతల్లోవి పోయాయని చెప్పలేం. గుడ్డు పిల్ల కావడానికి వెచ్చని వాతావరణంలో దాదాపు నాలుగు రోజులు పడుతుంది, విమాన ప్రయాణం ఒక రోజులో ముగుస్తుంది. ఆకు వాడకుండా కాపాడే తడిగుడ్డే గుడ్డునూ కాపాడుతుంది.

ఈ పురుగు రసం పీలుస్తూ ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు బాక్టీరియాను మోస్తుంది. దానివల్ల వచ్చేదే గ్రీనింగ్ తెగులు. ఆకుల్లో తయారైన చక్కెరను వేళ్లకు చేర్చే నాళాలు పూడిక పడ్డ పంటకాలువల్లా మూసుకుపోతాయి. ఆకులు మచ్చలు మచ్చలుగా పసుపెక్కుతాయి. కాయ ఒక పక్కకు వంకరపోయి, అడుగున పచ్చగానే ఉండిపోతుంది. రసం చేదు, గింజలు తాలు. నయం చేసే మందు లేదు. తెగులు సోకిన చెట్టు నెలలు, ఒక్కోసారి ఏళ్లపాటు ఆరోగ్యంగానే కనిపిస్తుంది. కరివేప చెట్టుకైతే ఈ తెగులు పట్టదు, పురుగుకు మాత్రం అది చక్కటి పుట్టిల్లు. అందుకే “మా చెట్టు నిగనిగలాడుతోంది” అన్న మాటకు ఇక్కడ విలువ లేదు.

ఫ్లోరిడాలో ఈ పురుగు 1998లో, తెగులు 2005లో బయటపడ్డాయి. 2003-04లో అక్కడ 24 కోట్లకు పైగా పెట్టెల నారింజ పండింది. 2023-24లో రెండు కోట్ల పెట్టెలు కూడా రాలేదు. తుపానులూ దెబ్బ తీశాయి గానీ పెద్ద కారణం ఈ తెగులే. కాలిఫోర్నియాలో పురుగు 2008లో, తెగులు 2012లో కనిపించాయి. తెగులు మొదట దొరికింది లాస్ ఏంజెలస్ ప్రాంతంలో ఒక ఇంటి పెరటి చెట్టులో. “ఎలాగూ వచ్చేసింది కదా” అనేవాళ్లున్నారు. పెరళ్ల నుంచి పెద్ద తోటల్లోకి పాకకుండా అక్కడి రైతులు నేటికీ పోరాడుతున్నారు, కొత్తగా వచ్చే ప్రతి పురుగూ వాళ్ల మీద పడే భారమే. అనంతపురం చీనీ, నల్గొండ బత్తాయి రైతులకు ఆ బాధ విడమరిచి చెప్పనక్కర్లేదు.

మరి మన మామిడి అమెరికా దుకాణాల్లో ఎలా దొరుకుతోంది? 18 ఏళ్ల విరామం తర్వాత 2007లో దానికి దారి తెరుచుకుంది. పండుకు కనీసం 400 గ్రే రేడియేషన్ ఇస్తారు. అంతమాత్రాన లోపలి పురుగు వెంటనే చావాలనేం లేదు, దాని సంతతి మాత్రం సాగదు. ఆ పని మన వంటింట్లో కాదు.

గుంపులో పొరపాటు తేలిగ్గా జరుగుతుంది. సర్దినవాళ్లు ఒకరు, మోసేవాళ్లు ఇంకొకరు. అధికారి అడిగేది మోసేవాళ్లని. “మా వదిన పెట్టింది” అంటే చెల్లదు. సామాన్ల మధ్య తిరిగే బీగిల్ కుక్కలకు మొట్టమొదట నేర్పే వాసనల్లో మామిడి, నిమ్మజాతి పండ్లు ఉంటాయి. కాబట్టి బయలుదేరే ముందే ఎవరి పెట్టెలో ఏముందో అందరూ చెప్పుకోవాలి, అనుమానం ఉన్న ప్రతి వస్తువునూ దిగగానే అధికారికి చెప్పేయాలి. చెప్పి చూపిస్తే కూడనిది తీసి పారేసి పంపేస్తారు, జరిమానా ఉండదు. దాస్తే వందల డాలర్లు కట్టాల్సి వస్తుంది.