తెరమీది కొత్తమనిషి

నెల్లూరునుంచి కోవూరు మీదుగా వచ్చిన బస్సు విడవలూరులో ఆగి, అందులోంచి ముఖం తెలియని మనిషి ఒకడు దిగాడనుకోండి. అతడు టీకొట్టు చేరేలోపల మూడు ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి. ఏ వూరు? ఎవరింటికి? ఏం పనిమీద? యీ విచారణకు పోలీసులు అక్కరలేదు. అరుగుమీద కూర్చున్న పెద్దాయన చాలు. అడగడంలో అనుమానమూ వున్నది, ఆదరణా వున్నది. జవాబు సరిగా వస్తే టీ డబ్బులు కూడా ఆయనే యిస్తాడు.

అదే వూళ్లోకి రాత్రి పదకొండు గంటలకు యెంతమంది కొత్తవాళ్లు వస్తున్నారో ఆ పెద్దాయనకు తెలియదు. వాళ్లు బస్సు దిగరు. రొయ్యలగుంట కట్టమీద కాపలాకు పడుకున్న కుర్రవాడి సెల్లులో దిగుతారు. గుంటలో గాలిచక్రాలు తిరుగుతూంటాయి, కుర్రవాడికి నిద్ర రాదు, మాట్లాడే తోడు లేదు. తెర వెలుగుతుంది. అవతల ఒక ముఖం నవ్వుతుంది. ఏ వూరని అడిగేవాడు అక్కడ లేడు.

ముఖం తెలియనివాళ్లతో ముఖాముఖి మాట్లాడే యీ సరదా యెలా పుట్టిందో చూస్తే నవ్వొస్తుంది. దీనికి మూలం కాఫీ! 1991లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో కంప్యూటరు పరిశోధకులకు ఒక బాధ వుండేది. కాఫీ కెటిలు ఒక గదిలో, వాళ్లు వేరే గదుల్లో. మెట్లెక్కి వెళ్లేసరికి కెటిలు ఖాళీ. అందుకని దానికి ఎదురుగా కెమేరా పెట్టి, ఆ బొమ్మ తమ కంప్యూటర్లలో కనబడే యేర్పాటు చేసుకున్నారు. 1993లో ఆ బొమ్మను ఇంటర్నెట్టులోకి వదిలితే దేశదేశాలవాళ్లు ఆ కెటిలును తొంగి చూశారు. 2001లో కెమేరా ఆపేశాక ఆ కెటిలును వేలం వేస్తే 3,350 పౌన్లు పలికింది. మన ఇళ్లలో కాఫీ డికాక్షను ఉన్నదీ లేనిదీ వంటింట్లోకి కేక వేస్తే తెలిసిపోతుంది గనుక, వెబ్‌కెమేరా కనిపెట్టే అగత్యం మనకు కలగలేదు కాబోలు!

మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న వచ్చింది. ఆ తరువాత కొన్నాళ్లకు నెల్లూరువంటి పట్నాల్లో నెట్ సెంటర్లు వెలిశాయి. అమెరికాలో వున్న కొడుకును చూడడానికి తల్లి ఇస్త్రీచీర కట్టుకొని, గంటకింతని డబ్బిచ్చి, చెక్కగదిలో కూర్చునేది. కొడుకు బొమ్మ ముక్కలుముక్కలుగా కదిలేది. మాట ముందు, పెదవులు తరువాత. అయినా ఆవిడ కళ్లు తుడుచుకొనే బయటికి వచ్చేది. కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన తల్లి ముఖాన్ని సెల్లులో చూస్తూ అన్నం తినే పిల్లలు మన జిల్లాలోనూ వున్నారు. యీ కెమేరాను తిట్టేవారు వాళ్లను కూడా తలచుకోవాలి.

అయినవాళ్లను చూపించిన కెమేరా కానివాళ్లను చూపించడం మొదలుపెట్టింది 2009, 2010 ప్రాంతాల్లో. 2009 మార్చిలో అమెరికాలో లీఫ్ కె-బ్రూక్స్ అనే 18 యేళ్ల కుర్రవాడు ‘ఒమెగల్’ అనే దాన్ని పెట్టాడు. మరుసటి యేడు దానికి వీడియో తోడైంది. అదే 2009 నవంబరులో మాస్కోలో ఆంద్రే తెర్నోవ్‌స్కీ అనే 17 యేళ్ల విద్యార్థి ‘చాట్‌రౌలెట్’ తెచ్చాడు. మీట నొక్కితే ప్రపంచంలో ఎవరో ఒకరు ఎదుట ప్రత్యక్షం. నచ్చకపోతే మళ్లీ నొక్కితే మరొకరు. పేరు అడగరు, వూరు అడగరు. ఇద్దరు పసివాళ్ల బుర్రలో పుట్టిన ఆట. పెద్దవాళ్లలో చెడ్డవాళ్లుంటారన్న సంగతి ఆ వయసువాళ్లకు ఎంత తెలుస్తుంది?

తెలియడానికి యెన్నాళ్లో పట్టలేదు. 2014లో 11 యేళ్ల అమెరికా పిల్ల ఒకతెకు ఒమెగల్ ఒక దుర్మార్గుణ్ణి జతచేసింది. వాడు కెనడావాడు. మంచిమాటలు చెప్పి బొమ్మలు పంపించుకొని, ఆ తరువాత ఆ బొమ్మలతోనే బెదిరించి సంవత్సరాలపాటు వేధించాడు. వాడికి శిక్షపడింది. ఆ పిల్ల పెద్దదై కంపెనీమీదే దావా వేసింది. అది రాజీ అయిన తరువాత 2023 నవంబరు 8న ఒమెగల్ మూతపడింది. మూతపడింది ఆ దుకాణమేగాని ఆ వ్యాపారం కాదు. అలాంటివి వేరే పేర్లతో ఇప్పుడూ నడుస్తున్నాయి.

అయితే కొత్తవాళ్లందరూ చెడ్డవాళ్లేనా? ఇక్కడ మన హైదరాబాదు సంగతి ఒకటి చెప్పాలి. ఒమెగల్ పుట్టిన ఆ 2009లోనే జరిగింది. సుగతా మిత్రా అని, ఢిల్లీలో గోడకు కన్నం పెట్టి కంప్యూటరు అమర్చి బస్తీ పిల్లలకు వదిలేసిన శాస్త్రజ్ఞుడు, అప్పటికి ఇంగ్లండులోని న్యూకాసిల్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. ‘స్కైప్’ అనే దూరదర్శన సంభాషణతో మీకేం కావాలర్రా అని మన దేశపు పిల్లలను అడిగితే, ఇంగ్లండు బామ్మలచేత కథలు చదివించుకోవాలని వుందన్నారట! ఆయన ఆ కోరికను ఇంగ్లండులో ‘గార్డియన్’ పత్రిక ద్వారా చెప్పాడు. వారానికి ఒక గంట తీరిక, ఒక కెమేరా వున్నవారు ముందుకు రండి అన్నాడు. వచ్చారు. అందులో ఉద్యోగం విరమించిన పంతులమ్మలు చాలామంది. హైదరాబాదులో పేదపిల్లలు చదివే బళ్లలో గోడమీద నిలువెత్తు తెల్లబామ్మ కనిపించి కథ చదివేది, పాట పాడేది, పిల్లలు ఏదైనా చేసి చూపిస్తే మన బామ్మలలాగానే ‘అబ్బో, నాకెప్పటికీ రాదురా’ అని మెచ్చుకొనేది. దీనికి ‘గ్రానీ క్లౌడ్’ అని పేరు పడింది. మేఘమంత బామ్మల గుంపు అన్నమాట. 2013లో మిత్రాకు టెడ్ బహుమతిగా 10 లక్షల డాలర్లు వచ్చినప్పుడు యీ పని మరికొన్ని వూళ్లకు పాకింది.

అదే కెమేరా, అదే తెర, అదే కొత్తమనిషి. తేడా యెక్కడ వున్నదంటే, ఆ బామ్మకు పేరున్నది, ఫలానా రోజు ఫలానా వేళ అన్న కట్టుబాటున్నది. పిల్లలు పదిమంది ఒకే గదిలో వుంటారు. మధ్యలో కుదిర్చిపెట్టినవాళ్లున్నారు. అంటే విడవలూరు పెద్దాయన అడిగే మూడు ప్రశ్నలకూ అక్కడ జవాబున్నది.

ఇక రొయ్యలగుంట కట్టమీద కుర్రవాడి దగ్గరికి వద్దాం. ఆటలు కాస్తా వ్యాపారమైన తరువాత జరుగుతున్న పద్ధతి యిది. ముందు ఫేస్‌బుక్కులో ఒక అందమైన అమ్మాయి స్నేహం కోరుతుంది. రెండుమూడు రోజులు యోగక్షేమాలు. తరువాత ఒక రాత్రి వాట్సాప్‌లో వీడియో పిలుపు. అవతల కదిలే అమ్మాయి నిజంగా అక్కడ లేదు. ఎప్పుడో తీసిన వీడియో అది. దాన్ని ఇవతలికి ఆడిస్తున్నవాడు ఒక మీసాల మొగవాడై వుండవచ్చు. రాజస్థాన్, హర్యానాల మధ్య మేవాత్ ప్రాంతంలో యిలాంటి ముఠాలను పోలీసులు ఎన్నోసార్లు పట్టుకున్నారు. అమ్మాయి సిగ్గు విడిచినట్టు నటిస్తుంది, ఇతడినీ విడవమంటుంది. రెండు నిమిషాలు చాలు, అంతా రికార్డవుతుంది. వెంటనే ఆ వీడియోతోపాటు ఇతడి అన్నయ్యా, మేనమామా, పనిచేసేచోటి యజమానీ వున్న స్నేహితుల పట్టిక కూడా తిరిగి వస్తుంది. ‘పదివేలు పంపు, లేదంటే అందరికీ పంపుతాం’. పంపాడో, రేపు ఇరవై వేలంటారు. ఆ మర్నాడు ‘ఢిల్లీ పోలీసులం, నీమీద కేసయింది’ అంటూ ఖాకీచొక్కా మనిషి ఒకడు ఫోన్ చేస్తాడు. వాడూ ఆ ముఠావాడే! కొందరు యువకులు ప్రాణాలే తీసుకున్నారు. పోయింది పదివేలైతే ఏడ్చి వూరుకోవచ్చు.

పెద్దవాళ్లేమీ తెలివైనవాళ్లు కారు సుమండీ. ‘డిజిటల్ అరెస్టు’ అని చెప్పి, కెమేరా ముందునుంచి కదలనివ్వకుండా రోజులతరబడి కూర్చోబెట్టి, రిటైరైన ఉద్యోగులు, డాక్టర్ల దగ్గరే లక్షలు, కోట్లు రాబట్టారు. అలాంటి అరెస్టు మన చట్టంలో లేనేలేదని 2024 అక్టోబరులో ప్రధానమంత్రే రేడియోలో చెప్పవలసి వచ్చింది.

చట్టం మాత్రం బాధితుడి పక్షానే వున్నది. ఒప్పుకోని మనిషి గుప్తాంగాల బొమ్మ తీసినా, పంపినా 2000వ సంవత్సరపు ఐ.టి. చట్టం 66-ఇ సెక్షను కింద మూడేళ్లదాకా జైలు, లేదా రెండు లక్షలదాకా జరిమానా, లేదా రెండూ. బెదిరించి డబ్బు గుంజడం భారతీయ న్యాయసంహిత 308వ సెక్షను కింద నేరం. 18 యేళ్లలోపు పిల్లలైతే 2012లో వచ్చిన పోక్సో చట్టం ఇంకా కఠినం. బొమ్మలు బయటికి పోతాయన్న భయానికి ‘స్టాప్ ఎన్‌సిఐఐ’ అనీ, మైనర్లకు ‘టేక్ ఇట్ డౌన్’ అనీ వుచిత సేవలున్నాయి. మన బొమ్మను వాళ్లకు పంపనక్కరలేదు; మన సెల్లులోనే దాని వేలిముద్రవంటి అంకె తయారై, అదొక్కటే వెళుతుంది. ఆ అంకెకు సరిపోయే బొమ్మను, వాళ్లతో చేయి కలిపిన కంపెనీలు తమ దగ్గర కనబడితే ఆపగలవు.

డబ్బు పోతే 1930 నంబరుకు ఫోను చేయాలి. దేశమంతటికీ అదే నంబరు. ఎంత త్వరగా చేస్తే బ్యాంకులో డబ్బు ఆగిపోయే అవకాశం అంత ఎక్కువ. మరి ఆ ఫోను ఆలస్యమయ్యేది దేనివల్ల? నాన్నకు తెలిస్తే చంపేస్తాడన్న భయంవల్ల. మొదటి పదివేలూ, రెండో ఇరవై వేలూ యీ భయంలోంచే పోతున్నాయి. వాణ్ణి ఆ రాత్రి చావకొట్టాలనిపించడం సహజమే. కాని ‘నాయనా, ఎంత పంపినావు, ఎప్పుడు పంపినావు?’ అని ముందు అడగండి. తిట్టదలచుకుంటే తెల్లవారిన తరువాత తీరిగ్గా తిట్టవచ్చు.

కోపంలో సెల్లు నేలకేసి కొట్టడం, సిగ్గుతో సంభాషణలన్నీ చెరిపివేయడం మాత్రం చేయకండి. వాడు మాట్లాడిన నంబరు, డబ్బు వెళ్లిన ఖాతా, బెదిరించిన మాటలు అన్నీ అందులోనే వున్నాయి. స్టేషనులో మొట్టమొదట అడిగేవి అవే.